బిన్సీ నుంచి బిన్సీ దాకా

ఆక్స్‌ఫర్డ్ పేరు చెప్పగానే మనవాళ్ళకు రాతి కట్టడాల కళాశాలలు, గ్రంథాలయాలు, 1936లో అక్కడ ప్రాచ్య మతాలకూ నీతిశాస్త్రానికీ ఆచార్యులుగా చేరిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు గుర్తుకు వస్తారు. మావారి ఉద్యోగం వల్ల ఆ ఊళ్ళో కొన్నేళ్ళు కాపురం చేసిన నాకు మాత్రం, ఊరికి వాయవ్యాన థేమ్స్ నది పడమటి గట్టున ఉన్న బిన్సీ అనే చిన్న పల్లె, ఆ పల్లెలో పెర్చ్ అనే పబ్బు, అక్కడ బయలుదేరి నది వెంట ఎగువకు వెళ్ళి, వంతెన దాటి, అవతలి గట్టున ఉన్న పెద్ద పచ్చిక బయలు మీదుగా మళ్ళీ ఆ పబ్బుకే చేర్చే నాలుగు మైళ్ళ కాలిబాట ముందు గుర్తుకు వస్తాయి. నిదానంగా నడిచినా రెండు గంటల్లో ముగిసే ఆ దారి మీద నాకున్నంత మమకారం, ఆ దేశంలో నేను చూసిన ఏ కోట మీదా, ఏ రాజభవనం మీదా కలగలేదు.

ఆ దారిని నాకు చూపించింది మా పక్కింటి పెద్దావిడ. జీవితమంతా బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఆవిడకు ఆదివారం నడక ఒక వ్రతం. వానైనా, చలైనా మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని, చేతికర్ర తీసుకుని మా తలుపు తట్టేది. పబ్బు దగ్గర మొదలుపెట్టి పబ్బు దగ్గరే ముగించడంలో ఉన్న సౌకర్యం ఆవిడే వివరించింది. వెళ్ళిన దారిన తిరిగి రాకపోవడం వల్ల చూసిందే మళ్ళీ చూడనక్కర లేదు, అలసి వచ్చేసరికి కూర్చోవడానికి బల్ల, తినడానికి వేడివేడిగా ఏదో ఒకటి సిద్ధంగా ఉంటాయి. ఇంగ్లండ్‌లోనూ వేల్స్‌లోనూ కలిపి దాదాపు లక్షా నలభై వేల మైళ్ళ పొడవున ఇలాంటి బాటలున్నాయనీ, అవి ఎవరి పొలం గుండా పోతున్నా నడిచే హక్కు ప్రజలదేననీ, 1949లో వచ్చిన చట్టం ప్రకారం వాటన్నిటినీ పటాల మీద గుర్తించి రాసిపెట్టారనీ ఆవిడ చెబితే ఆశ్చర్యపోయాను. భూమి ఒకరిది, దాని మీది దారి అందరిదీ అన్న ఆ ఏర్పాటును ఆవిడ ఎంతో గర్వంగా చెప్పేది. నా దృష్టిలో అది గర్వపడదగ్గ సంగతే.

2006 వేసవిలో మా నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. కృష్ణా డెల్టాలో పుట్టి, వ్యవసాయం తప్ప మరొకటి ఎరగని మనిషి. లండన్ తీసుకువెళ్ళి చూపించినవన్నీ మర్యాదగా చూశారు గానీ, మనసు పెట్టి చూసినట్టు నాకు అనిపించలేదు. అందుకని ఒక జూన్ మధ్యాహ్నం ఆయనను బిన్సీకి తీసుకువెళ్ళాను. ఇప్పుడు ఆ దారిని తలచుకుంటే నాకు గుర్తుకు వచ్చేది ఆనాటి నడకే కాబట్టి, దాని గురించే రాస్తాను.

పబ్బు అనగానే నాన్నగారు గుమ్మం బయటే ఆగిపోయారు. మా ఊళ్ళో సారా కొట్టు ఉన్న వీధిలోకి కూడా అడుగుపెట్టని మనిషి మరి. "ఇక్కడికెందుకమ్మాయ్?" అన్నారు మెల్లిగా. లోపల ఒక ముసలమ్మ మనవరాలి చేత బంగాళాదుంప ముక్కలు తినిపిస్తున్నదనీ, బల్ల కింద కుక్క ఒకటి నిద్రపోతున్నదనీ, పక్క బల్ల దగ్గర ఒకాయన ఒంటరిగా పేపరు చదువుకుంటున్నాడనీ కిటికీలోంచి చూశాక గానీ ఆయన లోపలికి రాలేదు. అప్పటికింకా పబ్బుల లోపల పొగ తాగడం మీద నిషేధం రాలేదు, అది 2007 జూలైలో వచ్చింది. అందువల్ల మేము లోపల కూర్చోకుండా నేరుగా వెనక తోటలోకి వెళ్ళాం.

తోటలోకి వెళ్ళగానే నాన్నగారు వెనక్కి తిరిగి ఇంటి కప్పు చూశారు. పెర్చ్ 17వ శతాబ్దం నాటి కట్టడం, దానికి గడ్డి కప్పు. చూరు దగ్గర మూరెడు మందాన, కత్తిరించి దువ్వినట్టు సమంగా దిగిన ఆ కప్పు కింద నిలబడి, చేయి పైకెత్తి చూరు అంచును అరచేత్తో తడిమారు. కట్టలు ఎలా అమర్చారో, వాసాలకు ఏ తాటితో బిగించారో, వాన నీళ్ళు ఎక్కడ జారిపోతాయో తనలో తాను లెక్క వేసుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. రెండేళ్ళకోసారి ఇల్లు కప్పించుకున్న తరం మనిషి కదా, ఆ పనితనం విలువ ఆయనకు తెలుసు. లండన్‌లో కనిపించని శ్రద్ధ ఆ చూరు కింద కనిపించింది.

తోట చివర చెట్ల నడుమ నుంచి పోయే సన్నని బాట నది గట్టుకు చేరుస్తుంది. అక్కడ ఎడమకు తిరిగితే కుడి చేతి పక్కన నది, దాని అవతల కనుచూపు మేర పచ్చిక. ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్‌ను చూసిన తెలుగువాళ్ళందరూ అనే మాటే నాన్నగారూ అన్నారు: "ఇది నదా? మన బందరు కాలువంత లేదే!" ప్రకాశం బ్యారేజీ మీద నుంచి కృష్ణను చూస్తూ పెరిగినవాళ్ళకు అలా అనిపించడం సహజం. కానీ ఆ సన్నని నదిని వాళ్ళు ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో గట్టు వెంట నడిస్తే గాని తెలియదు. ఈ బాట నది పుట్టిన చోటు నుంచి లండన్ దాకా 184 మైళ్ళు సాగుతుంది, 1996లో దీన్ని జాతీయ కాలిబాటగా ప్రారంభించారు. గట్టుకు కట్టేసిన పొడవాటి సన్నని పడవలు, వాటి పైకప్పుల మీద పూలకుండీలు, కట్టెల మోపులు, చిన్న పొగగొట్టం. వాటిలో సంసారాలు చేసుకుంటున్నవాళ్ళు గట్టున పోయేవాళ్ళను పలకరిస్తూనే ఉంటారు.

ఆ గట్టు మీద ఒకప్పుడు బారులు తీరిన పాప్లర్ చెట్లు ఉండేవి. 1879లో వాటిని నరికించారు. ఆ సమయంలో ఆక్స్‌ఫర్డ్‌లోనే పాదిరీగా ఉన్న జెరార్డ్ మ్యాన్లీ హాప్కిన్స్ అనే కవి, నరికిన చెట్లను చూసి తట్టుకోలేక ఒక కవిత రాశాడు. ఆ తర్వాత అక్కడ మళ్ళీ చెట్లు నాటారు. నాన్నగారికి ఆ సంగతి చెబితే, చెట్టు కొట్టేసిన తర్వాత ఏడవడం అందరూ చేస్తారు గానీ ముందు ఆపినవాడేడీ అన్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

మైలు దాటాక గాడ్‌స్టో లాకు వస్తుంది. అక్కడికి చేరేసరికి నాన్నగారి నడకలో హుషారు వచ్చింది. డెల్టా మనిషికి లాకులు కొత్తా? విజయవాడ దగ్గర కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయినప్పటి నుంచి మన కాలువలన్నిటి మీదా లాకులు ఉన్నాయి. ఆయన చిన్నతనంలో ధాన్యం పడవలు, మనుషుల పడవలు ఆ లాకుల్లో ఆగి, నీటిమట్టం సరిచేశాక తలుపులు తెరిస్తే ముందుకు సాగేవి. గాడ్‌స్టో లాకు 1790 నాటిది. ఇక్కడి నుంచి ఎగువకు పోతే తలుపులన్నీ చేత్తో తిప్పేవే, దిగువన ఉన్నవి కరెంటుతో నడిచేవి. మేము చేరే సమయానికి ఒక పడవ లాకులోకి వచ్చింది. వెనక తలుపులు మూసుకున్నాయి, తూములు ఎత్తారు, లాకులో నీళ్ళు సుళ్ళు తిరుగుతూ ఎక్కి పడవను పచ్చటి పాకర గోడల వెంట మెల్లిగా పైకి లేపాయి. "ఇప్పుడు చూడు, మట్టం కలిసేదాకా తలుపు కదలదు" అని నాకు నాన్నగారు చెప్పారు. ఆ తలుపులు ఆయన చెప్పిన క్షణానికే తెరుచుకున్నాయి. మన కాలువల మీద పడవలు ఆగిపోయి దశాబ్దాలైంది. ఇక్కడ సరుకుల పడవలు పోయినా, విహారం పడవల కోసమైనా లాకుకు రంగులు వేసి, గట్టున పూలమొక్కలు పెంచుతూ నడుపుకుంటున్నారని చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

లాకు దాటగానే గాడ్‌స్టో సన్యాసినుల మఠం శిథిలాలు కనిపిస్తాయి. 12వ శతాబ్దపు తొలి భాగంలో కట్టిన ఆ మఠంలో ఇప్పుడు మిగిలినవి చుట్టు ప్రహరీ గోడలు, కప్పు లేని ఒక చిన్న ప్రార్థనాలయం, వాటి మధ్య మేసే ఆవులు. రెండవ హెన్రీ రాజు మనసిచ్చిన రోజమండ్ క్లిఫర్డ్‌ను ఇక్కడే, గుడిలో బలిపీఠం ముందు సమాధి చేశారు. 1191లో లింకన్ బిషప్ హ్యూ వచ్చి, ఆ సమాధి మీద వెలుగుతున్న కొవ్వొత్తులనూ కప్పిన పట్టువస్త్రాలనూ చూసి, ఇలాంటి స్త్రీకి గుడిలో చోటేమిటని ఆమె సమాధిని బయటికి తీయించాడు. రాజును ఎవరూ ఏమీ అనలేదు. ఆ కథ తలచుకున్నప్పుడల్లా నాకు బిషప్ మీద కోపం వస్తుంది, ఇప్పటికీ వస్తుంది. 1539లో ఎనిమిదవ హెన్రీ కాలంలో మఠం మూతపడింది, ఆ తర్వాతి శతాబ్దంలో జరిగిన అంతర్యుద్ధంలో మిగిలిన కట్టడాలూ దెబ్బతిన్నాయి. పక్కనే పోయే రహదారి మీద వాహనాల హోరు ఇక్కడ ఎడతెగకుండా వినిపిస్తుంది. ఆ హోరు లేకపోతే బాగుండునని అనుకోని రోజు లేదు.

1862 జూలై 4న ఛార్లెస్ డాడ్జ్‌సన్ అనే గణిత అధ్యాపకుడు తన కళాశాల డీన్ గారి ముగ్గురు కూతుళ్ళను పడవ ఎక్కించుకుని ఆక్స్‌ఫర్డ్ నుంచి ఇంతవరకు తీసుకువచ్చాడు. ఆ పడవ ప్రయాణంలో పిల్లలకు చెప్పిన కథే తర్వాత లూయిస్ కారల్ అనే పేరుతో ఆయన రాసిన, కుందేలు బొరియలో పడి వింతలోకం చేరిన ఆలిస్ అనే పిల్ల కథ అయింది. ఆ సంగతి తెలిసిన పిల్లలు ఆ గడ్డిలో కుందేలు బొరియల కోసం వెతుకుతూ ఉంటారు. అవి దొరుకుతాయి కూడా.

ఇక్కడి వంతెన దాటితే ట్రౌట్ అనే మరో పాత పబ్బు. ఆనకట్ట మీద నుంచి నీళ్ళు దూకే చోటును ఆనుకుని రాతి అరుగు, ఆ మడుగులో రొట్టె ముక్కల కోసం ఎగబడే చబ్ చేపలు, బల్లల మధ్య తోకలు ఈడ్చుకుంటూ తిరిగే నెమళ్ళు. మన నెమళ్ళు అంత దూరంలో, ఎవరికీ బెదరకుండా తిరుగుతూ కనిపించడం నాన్నగారికి ముచ్చట వేసింది. ట్రౌట్ దగ్గర ఎప్పుడూ జనం ఎక్కువ, నాకు పెర్చ్ మీదే ఇష్టం. కాసేపు నిలబడి నీళ్ళ హోరు విని ముందుకు నడిచాం.

రోడ్డు వెంట వుల్వర్‌కోట్ ఊరివైపు వెళుతుంటే చిన్న వంతెన గోడకు ఒక ఫలకం కనిపిస్తుంది. 1912 సెప్టెంబర్ 10న విమానం కూలి చనిపోయిన ఇద్దరు యువ సైనికాధికారులు, హాచ్‌కిస్, బెటింగ్టన్ గార్ల జ్ఞాపకార్థం పెట్టినది. రోజూ దాటిపోయే వంతెన మీద ఆ పేర్లు చెక్కించుకున్న ఊరంటే నాకు గౌరవం. ఇదే ఊళ్ళో 17వ శతాబ్దం నుంచి కాగితం మిల్లు ఉండేది. ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం వేసే బైబిళ్ళకూ నిఘంటువులకూ ఇక్కడి నుంచే కాగితం వెళ్ళేది. 1998లో అది మూతపడింది.

వుల్వర్‌కోట్ అంచున, మనుషులు దూరి పశువులు దూరలేని చెక్క తలుపు దాటగానే పోర్ట్ మెడో మొదలవుతుంది. ఈ నడక మొత్తానికి ప్రాణం ఇదే.

మూడువందల ఎకరాలకు పైబడిన బయలు. మధ్యలో ఒక్క కంచె లేదు, గట్టు లేదు, ఒక్క సాలు కూడా లేదు. గుర్రాలు, ఆవులు గుంపులు గుంపులుగా మేస్తుంటాయి. నది వంపు దగ్గర బాతులు వాలుతూ లేస్తూ ఉంటాయి. కంచు యుగంలో కట్టిన సమాధి దిబ్బ ఒకటి ఇప్పటికీ మేత మధ్యలో గుండ్రంగా, కొద్దిగా ఎత్తుగా కనిపిస్తుంది. దాదాపు నాలుగు వేల ఏళ్ళుగా ఈ నేల మీద నాగలి పెట్టలేదని ఆ ఊరివాళ్ళు చెబుతారు. 1086లో విలియం రాజు రాయించిన భూముల చిట్టా, అంటే డూమ్స్‌డే గ్రంథంలోనే దీని ప్రస్తావన ఉంది: ఆక్స్‌ఫర్డ్ పౌరులందరికీ గోడ బయట ఉమ్మడి పచ్చిక ఉన్నదనీ, దాని మీద ఆరు షిల్లింగుల ఎనిమిది పెన్నీల పన్ను వస్తున్నదనీ అందులో రాశారు. ఇవాళ్టికీ మేపుకునే హక్కు ఆక్స్‌ఫర్డ్ ఫ్రీమెన్ అనే పాత పౌర కుటుంబాలకూ, వుల్వర్‌కోట్ ఉమ్మడి హక్కుదారులకూ ఉంది. ఏడాదికోసారి, ముందుగా తేదీ చెప్పకుండా, నగర షెరీఫ్ ఆధ్వర్యంలో పశువులన్నిటినీ ఒక చోటికి తోలి లెక్క చూస్తారు, హక్కు లేకుండా వదిలిన పశువుంటే యజమాని జరిమానా కట్టి విడిపించుకోవాలి. మన బందెలదొడ్డి పద్ధతే అది.

ఇవన్నీ నడుస్తూ చెబుతుంటే నాన్నగారు ఒకచోట ఆగి, పాదం చివరతో గడ్డిని పక్కకు తోసి, వంగి చిటికెడు మట్టి తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూశారు. తడిగా, జిగురుగా, మెత్తగా ఉంది. నది ఏటేటా తెచ్చి పోసిన ఒండ్రు. ఆయన ఆ మట్టిని వాసన చూసి, రెండు చేతులూ దులుపుకుని, "ఇంత మంచి నేల దున్నకుండా ఉంచడానికి ఎంత నిగ్రహం కావాలమ్మాయ్!" అన్నారు. అక్కడి వృక్షశాస్త్రజ్ఞులు, చరిత్రకారులు ఆ బయలు గురించి చెప్పే మాటలెన్నో విన్నాను. ఈ ఒక్క మాటకు అవేవీ సాటి రావు.

తర్వాత ఆయన మా ఊరి బీడు గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చిన్నతనంలో ఊరి పశువులన్నిటినీ కలిపి పొద్దున్నే మందగా తోలుకుపోయే కాపరి ఒకడు ఉండేవాడు. ఏ ఇంటి గొడ్డు ఎక్కడ మేస్తుందో, ఏది ఈనబోతున్నదో అతనికి తెలిసినంతగా ఇంటివాళ్ళకు కూడా తెలియదు. అతనికి కూలి ధాన్యం రూపంలో ఇళ్ళ నుంచి అందేది. బీడు మధ్యలో చెరువు, గట్టున రావిచెట్టు. సాయంత్రం మంద ఊళ్ళోకి తిరిగివచ్చేటప్పుడు లేచే దుమ్ము చూసి ఆడవాళ్ళు పాల గిన్నెలు కడుక్కునేవారు. ఆ బీడు ముక్కలు ముక్కలుగా ఎలా పోయిందో ఆయన ఎవరినీ నిందించకుండానే చెప్పారు: కొంత ఇళ్ళ స్థలాలకు, కొంత రోడ్డుకు, అంచులు సాగులోకి, చివరికి చెరువు కూడా. నేను పుట్టేసరికి బీడు అన్న పేరు మాత్రం మిగిలింది, ఆ పేరున్న చోట రైసు మిల్లు ఉండేది. ఆయన గొంతులో అంత బాధ ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. సముద్రాలు దాటి వచ్చి, పరాయి వాళ్ళ పచ్చిక మీద నడుస్తూ మా ఊరి సంగతులు మా నాన్నగారి నోట వినవలసి వచ్చింది.

చలికాలంలో ఈ బయలు సగం నీళ్ళలో ఉంటుందని, ఉత్తరాది నుంచి వలస వచ్చే బాతులూ ఉల్లంకులూ వేల సంఖ్యలో దిగుతాయని, గట్టిగా మంచు పడితే ఆ నీళ్ళు గడ్డకట్టి పిల్లలూ పెద్దలూ దాని మీద జారుతూ ఆడతారని చెప్పాను. వరద తీశాక మిగిలే బురదలోనే బ్రిటన్‌లో అతి అరుదైన పాకే మొక్క ఒకటి బతుకుతున్నది, వరదా పశువుల తొక్కిడీ లేకపోతే అది బతకదు. నాన్నగారికి అది వింతగా తోచలేదు. పశువు గిట్ట పడని బీడు ముళ్ళకంపైపోతుందని ఆయనకు తెలుసు.

బయలు దక్షిణపు కొసకు వచ్చేసరికి ఎదురుగా ఆక్స్‌ఫర్డ్ గోపురాలు వరుసగా కనిపిస్తాయి. నేను ఆ ఊరు వదిలే నాటికి అంచున కొత్తగా లేచిన వసతి భవనాలు ఆ దృశ్యంలో కొంత భాగాన్ని కప్పేశాయి. ఊరివాళ్ళు వాటి మీద గట్టిగా పోరాడారు, అయినా అవి నిలబడ్డాయి. వెయ్యేళ్ళు కాపాడుకున్న బయలు కూడా రోజూ కాపలా కాయవలసిందేనని అప్పుడు అర్థమైంది. నాన్నగారు చూసింది మాత్రం పాత దృశ్యమే, అందుకు నాకు తృప్తి.

మెడ్లీ దగ్గర పడవలు బాగుచేసే చోటును ఆనుకుని, 1865లో కట్టిన ఇనుప వంపు వంతెన మీదుగా నది దాటి, మళ్ళీ పడమటి గట్టు పట్టుకుని అర మైలు నడిస్తే పెర్చ్ తోట. అక్కడ బల్ల దగ్గరికి వచ్చి అడిగేవారుండరు. మనమే లోపలికి వెళ్ళి, వరుస ఎవరిదో చూసుకుని, చెప్పి డబ్బు కట్టి తెచ్చుకోవాలి. నాన్నగారి కోసం మత్తు లేని జింజర్ బీరు, పిండిలో ముంచి వేయించిన చేప తెచ్చాను. అల్లం ఘాటు గొంతులో దిగగానే ఆయన ముఖం వికసించింది. ఇంకొక గ్లాసు అడిగి తెప్పించుకున్నారు. రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు తగ్గలేదు. చుట్టూ బల్లల దగ్గర ముసలివాళ్ళు, పసివాళ్ళు, నడిచి వచ్చి బురద బూట్లతోనే కూర్చున్నవాళ్ళు. పక్క బల్ల ఆయన నాన్నగారిని ఏ ఊరని అడిగితే, నేను తర్జుమా చేస్తుండగా ఇద్దరూ వర్షాల గురించీ, గడ్డి కప్పు గురించీ చాలాసేపు మాట్లాడుకున్నారు.

నాన్నగారు తిరిగి వెళ్ళిన మరుసటి ఏడు, 2007లో, పెర్చ్ కప్పు కాలిపోయింది. 1977లో కూడా ఒకసారి అలాగే కాలిందట. ఫోనులో ఆ మాట చెప్పగానే ఆయన ముందు ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని అడిగారు, తర్వాత ప్రతి ఫోనులోనూ అదే ప్రశ్న: "మళ్ళీ గడ్డే కప్పుతున్నారా, రేకులు వేసేస్తున్నారా?" గడ్డే కప్పారని నేను చెప్పిన రోజున, ఎన్ని మోపులు పట్టి ఉంటాయో లెక్క కట్టి చెప్పారు.

ఇప్పుడు మా అన్నయ్య కొడుకు చదువు కోసం ఆక్స్‌ఫర్డ్ వెళుతున్నాడు. వాడికి కాగితం మీద ఈ దారి గీసి ఇచ్చాను. పెర్చ్ నుంచి బయలుదేరి ముందు నది గట్టున ఎగువకు వెళ్ళమనీ, బయలు మీదుగా తిరిగి రమ్మనీ, అలా అయితేనే వచ్చేటప్పుడు గోపురాలు ఎదురుగా ఉంటాయనీ, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వరద సంగతి కనుక్కోకుండా వెళ్ళవద్దనీ, ఎప్పుడు వెళ్ళినా మంచి బూట్లు వేసుకోమనీ, జింజర్ బీరు తాతయ్య పేరు చెప్పి తాగమనీ రాసి పెట్టాను.